నిత్యనూతన వాద్యదళం

పాఠ్యభాగ నేపథ్యం

ఏ సంస్థకైనా మనుషులే బలమని మనం తరచుగా అంటాము. అయితే ఏటేటా తన సభ్యులలో ఎందరినో కోల్పోతూ కూడా అగ్రస్థానాన్ని నిలుపుకొనే సంస్థలున్నాయి. అమెరికాలో డ్రమ్ కోర్ అని పిలువబడే యువజన వాద్యదళాలు అటువంటివి. సభ్యులు మారిపోవడం, ప్రదర్శనను రూపొందించే తీరు, ఈ రెండూ ఒక విజేత దళం భవితవ్యాన్ని ఎట్లా నిర్ణయిస్తాయో ఈ పాఠ్యభాగం వివరిస్తుంది.

పాఠం

2008 ఆగస్టులో అమెరికాలోని బ్లూమింగ్టన్ నగరంలో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ సంస్థ నిర్వహించిన తుది పోటీలు జరిగాయి. ఫాంటమ్ రెజిమెంట్ అనే దళానికి 98.125 మార్కులు, బ్లూ డెవిల్స్ అనే దళానికి 98.100 మార్కులు లభించాయి. ఒక్క మార్కులో నలభయ్యవ వంతు విజేతను నిర్ణయించింది. ఆ రాత్రి గెలిచిన దళంలోను, ఓడిన దళంలోను కొందరు యువతీయువకులు తమ వాద్యాలను చివరిసారిగా పెట్టెలో భద్రపరిచారు. వారిని ఎవరూ పొమ్మనలేదు. వారి వయస్సు మీరింది, అంతే.

డ్రమ్ కోర్ అంటే ఇత్తడి వాద్యాలు, డప్పు వాద్యాలు, పతాకాలు ధరించి విన్యాసాలు చేసే బృందం, ఈ మూడు అంగాలు గల దళం. క్లారినెట్ వంటి వాద్యాలకు ఇందులో చోటు లేదు. నేడు అగ్రశ్రేణి దళంలో సభ్యుల సంఖ్య నూట యాభైకి మించి ఉంటుంది. వీరు అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో పది పన్నెండు నిమిషాల పాటు వాయిస్తూ, నడుస్తూ, పరుగెత్తుతూ ఒక కథనో, ఒక భావాన్నో రూపు కట్టిస్తారు. 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో ఈ పోటీలు తొలిసారిగా జరిగాయి. సభ్యులకు వయోపరిమితి ఉంది. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లు వచ్చేసరికి ఎంతటి ప్రతిభావంతుడైనా దళానికి వీడ్కోలు చెప్పవలసిందే. పందొమ్మిదేళ్లకు చేరినవానికి మిగిలేవి రెండు మూడు వేసవులు మాత్రమే.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ఈ కళలో నైపుణ్యం పుస్తకం చదివి నేర్చుకొనేది కాదు. అయిదు గజాల దూరాన్ని సరిగ్గా ఎనిమిది అడుగులలో నడవాలి. అనగా ప్రతి అడుగు ఇరవై రెండున్నర అంగుళాలు. శరీరం అటు నడుస్తుండగా వాద్యం ప్రేక్షకుల వైపు తిరిగి ఉండాలి. ప్రదర్శనలోని ప్రతి ఘట్టంలోను తాను మైదానంలో ఎక్కడ నిలవాలో సభ్యుడు చిన్న పుస్తకంలో వ్రాసుకొని, దానిని కంఠస్థం చేయాలి. మన కోలాటంలో ఒక్కరు అడుగు తప్పితే వలయమంతా చెదురుతుంది కదా! ఇక్కడ నూట యాభై మంది నడుమ ఒక్కరు రెండు అడుగులు పక్కకు జరిగినా, పైనుండి చూచే న్యాయనిర్ణేతకు గీత వంకర తిరిగినట్లు కనబడుతుంది. మధ్యలో ఎవరైనా గాయపడి వైదొలగితే ఆ చోటు ఖాళీగా మిగులుతుంది. కొత్తగా వచ్చినవాడు ప్రదర్శన యావత్తూ కొద్ది రోజులలో నేర్చుకొనవలసి వస్తుంది.

అనుభవజ్ఞులు వెళ్లిపోయినప్పుడు వారితో పాటు ఈ నేర్పు కూడా వెళ్లిపోవాలి కదా! కాలిఫోర్నియాలోని కాంకర్డ్ పట్టణానికి చెందిన బ్లూ డెవిల్స్ చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది. 1957లో స్థాపితమైన ఈ దళం 1976లో తొలిసారి విజేతగా నిలిచింది. 2023 నాటికి ఇరవై ఒక్క పర్యాయాలు ఆ గౌరవాన్ని అందుకొంది. వీటిలో 1996, 1999 సంవత్సరాల విజయాలు ఇతర దళాలతో పంచుకొన్నవి. 1976లో వాయించిన సభ్యుడెవ్వడూ 2023లో లేడు. ఉండే అవకాశమూ లేదు. మరి నిలిచి ఉన్నది ఏమిటి?

మొదట చెప్పుకోదగినది శిక్షకపరంపర. సభ్యులు ఏటా మారినా, నేర్పేవారు దీర్ఘకాలం కొనసాగారు. ఇత్తడి వాద్యాలకు స్వరరచన చేసిన వేన్ డౌనీ దశాబ్దాల పాటు ఆ దళాన్ని తీర్చిదిద్దాడు. రెండవది అంతర్గత పాఠశాల. బ్లూ డెవిల్స్ బి, బ్లూ డెవిల్స్ సి అనే పిన్నల దళాలను ఆ సంస్థే నడుపుతున్నది. వాటిలో పెరిగిన పిల్లలు పెద్ద దళానికి వచ్చేసరికి ఆ నడక, ఆ ఊపిరి, ఆ క్రమశిక్షణ వారికి అలవడి ఉంటాయి. మూడవది పాతవారు కొత్తవారికి నేర్పడం. నిరుడు నేర్చుకొన్నవాడు ఈ ఏడాది తన పక్కన నిలిచినవానికి గురువవుతాడు. నేర్పు ఒక వ్యక్తి సొత్తు కాక, దళానికి అలవాటుగా మారినప్పుడు వ్యక్తి వెళ్లినా అది మిగులుతుంది.

అయితే పరంపర ఒక్కటే విజయాన్ని ఇవ్వదు. నూరు మార్కులలో నలభై మార్కులు ప్రదర్శన కలిగించే సమగ్ర ప్రభావానికే కేటాయించారు. దృశ్యానికి ముప్పై, సంగీతానికి ముప్పై. ఏమి ప్రదర్శించారన్నదీ, ఎంత నిర్దోషంగా ప్రదర్శించారన్నదీ రెండూ లెక్కలోకి వస్తాయి. రూపకర్త పని ఇక్కడ కత్తిమీద సామువంటిది. రాబోయే వేసవికి ఎవరెవరు మిగులుతారో, ఎవరు కొత్తగా చేరుతారో పూర్తిగా తెలియక మునుపే అతడు ప్రదర్శనను ఊహించాలి. రచన మరీ కఠినమైతే కొత్త సభ్యులు ఆగస్టు వరకు తడబడుతూనే ఉంటారు. మరీ సులభమైతే ఎంత శుభ్రంగా చేసినా మార్కులు ఒక స్థాయిని దాటవు. కనుకనే సమర్థుడైన రూపకర్త జూన్‌లో మొదలైన ప్రదర్శనను వేసవి పొడవునా మార్చుతూనే ఉంటాడు. అద్భుతంగా ఊదగలవాడు దొరికితే అతనికి ఒంటరి ఆలాపన కల్పిస్తాడు. ఒక గుంపు వెనుకబడితే ఆ ఘట్టాన్ని తిరిగి వ్రాస్తాడు. అతడు కొలతలు తీసి కుట్టే దర్జీ వంటివాడు. నిరుటివాని అంగీని ఈ యేటివానికి తొడగడు.

విజేతకు పొంచి ఉండే ప్రమాదం కూడా ఇదే. 2014లో బ్లూ డెవిల్స్ దళం ఇటలీ చలనచిత్ర దర్శకుడు ఫెల్లీనీ స్ఫూర్తితో రూపొందించిన ప్రదర్శనకు 99.65 మార్కులు పొంది, అంతవరకు ఎవరికీ రాని ఘనతను సాధించింది. అదే ప్రదర్శనను మరుసటి ఏడు కొద్ది మార్పులతో తిరిగి చేయవచ్చును. ఆ దళం అట్లా చేయలేదు. 2015లో మరొక ఇతివృత్తంతో వచ్చి మళ్లీ గెలిచింది. కాని 2016లో ఒహాయో రాష్ట్రపు కాంటన్‌కు చెందిన బ్లూకోట్స్ దళం సంప్రదాయ సైనిక వేషాన్ని విడిచి, మైదానంలో పెద్ద వాలు వేదికలు నిలిపి, వాటిపై జారుతూ వాయించి తన తొలి విజయాన్ని అందుకొంది. ఇల్లు అలకగానే పండుగ కాదు. ఒకనాటి గెలుపు మరునాటికి హామీ కాజాలదు.

సభ్యులు మారడం లోపం మాత్రమేనా? కాదు. ఫాంటమ్ రెజిమెంట్ 1981, 1982 సంవత్సరాలలో స్పార్టకస్ అనే బానిసవీరుని గాథకు ఖచతూరియన్ కూర్చిన సంగీతాన్ని వాయించింది. ఆ వేసవులలో విజయం దక్కలేదు. 2008లో అదే గాథను ఆ దళం తిరిగి చేపట్టింది. అప్పటి సభ్యులలో ఒక్కరూ 1982 నాటికి పుట్టినవారు కారు. తామే స్పార్టకస్‌లమని వారు ఎలుగెత్తి చాటినప్పుడు పాత కథకు కొత్త గొంతు లభించింది. నలభయ్యవ వంతు మార్కుతో దక్కినది ఆ విజయమే. పాతవారే ఉండి ఉంటే పాత ప్రదర్శనే మిగిలేదేమో!

2020లో మహమ్మారి కారణంగా పోటీలు రద్దయ్యాయి. ఆ ఏడు చివరి అవకాశంగా ఎదురుచూచిన యువతకు మైదానమే దక్కలేదు. 2019లో గెలిచిన బ్లూ డెవిల్స్ సభ్యులలో పెద్దవారు 2022 నాటికి వయోపరిమితి దాటిపోయారు. అయినా 2022లో ఆ దళమే గెలిచింది. మనుషులు మారారు. అలవాటు మారలేదు. ప్రదర్శన మాత్రం కొత్తది.

విద్యార్థులారా! మీ కళాశాలలో కూడా రెండేళ్లకొకసారి తరగతి యావత్తూ మారిపోతుంది. మీరు వెళ్లిన తరువాత అక్కడ ఏమి మిగలాలో ఆలోచించండి. నది పేరు మారదు, నీరు నిత్యమూ కొత్తదే. ప్రవాహం ఎండిపోకుండా ఉండాలంటే వెళ్లేవాడు తన నేర్పును వచ్చేవానికి అప్పగించి వెళ్లాలి. వచ్చేవాడు దానిని తన కొలతకు తగినట్లు మలచుకోవాలి.

అర్థాలు

భవితవ్యం : జరుగబోయేది
యావత్తు : మొత్తం
పరంపర : వరుసగా సాగివచ్చేది
నిర్దోషంగా : తప్పులు లేకుండా
ఇతివృత్తం : కథావస్తువు
ఎలుగెత్తి : గొంతెత్తి

వ్యాసరూప ప్రశ్నలు

1. సభ్యులు ఏటేటా మారుతున్నా బ్లూ డెవిల్స్ దళం తన స్థాయిని నిలుపుకొనడానికి గల కారణాలను వివరించండి.
2. ప్రదర్శన రూపకర్త ఎదుర్కొనే చిక్కులను పాఠం ఆధారంగా చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. రచయిత రూపకర్తను దర్జీతో పోల్చడంలోని ఔచిత్యమేమి?
2. 2008 నాటి ఫాంటమ్ రెజిమెంట్ విజయం ఏ సత్యాన్ని తెలుపుతుంది?
3. “ఇల్లు అలకగానే పండుగ కాదు” అన్న సామెతను రచయిత ఏ సందర్భంలో వాడాడు?