విద్యార్థి హృదయము: అభిరుచి, విశ్వాసము, జీవితాశయము

పరీక్షాఫలితములు తెలిసిన దినమున ప్రతి గృహమునందును వినవచ్చు ప్రశ్న యొక్కటే: "ఎన్ని మార్కులు వచ్చినవి?" ఆ ప్రశ్న యడుగుట తప్పని మే మనజాలము. శ్రద్ధగా చదివినవానికిని, చదువనివానికిని గల భేదమును మార్కులు కొంతవరకు తెలుపును. అయినను విద్యార్థిని పూర్తిగా నెరుగుటకు ఆ యంకె చాలదు. వాని మనస్సు దేనియందు లగ్నమగును? వాడు దేనిని సత్యమని నమ్మియున్నాడు? తన జీవితమును దేనికై వినియోగింప దలచియున్నాడు? ఈ మూడు ప్రశ్నలను మన మరుదుగా నడుగుదుము. అడిగినను ప్రత్యుత్తరమును ఓపికతో వినుట మరింత యరుదు.

మొదటిదానిని అభిరుచి యనియు, రెండవదానిని విశ్వాసమనియు, మూడవదానిని జీవిత దృక్పథమనియు పిలుతము. ఇవి పదునాలుగు పదునైదేండ్ల ప్రాయముననే స్థిరపడునని తలంపరాదు. నేడు రైలుబండి నడుపగోరిన బాలుడు రేపు ఉపాధ్యాయుడు కాగోరును. అది చాపల్యము కాదు. తన్ను తాను వెదకికొనుట. ఈ వెదకుట యెట్లు సాగునో తెలిసికొనుటకు మన తెలుగుదేశమున పుట్టిన యొక విద్యార్థి చరిత్రను పరిశీలింతము. ఆయన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరమున పశ్చిమ గోదావరి మండలమందలి భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవెన్యూ శాఖలో చిరుద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాలుగవవారు. ఇంటిలో సంపద లేదు. పదుమూడేండ్ల ప్రాయమున ఈ బాలునకు చదువుపై గాక ధనార్జనపై బుద్ధి పుట్టెను. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడను కావలెనని యిల్లు విడిచి బయలుదేరెనట! తల్లి వానిని వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. రాజమహేంద్రవరమున చదువుచున్నపుడు ఆప్తుల మరణములవలన చదువు కుంటుపడెను. తుదకు చెన్నపురి హిందూ హైస్కూలునుండి మెట్రిక్యులేషను పరీక్షయందు మూడవసారికి గాని ఉత్తీర్ణుడు కాలేదు.

ఇంతవరకు చూచినవారు ఈ బాలునిగూర్చి యేమందురు? "చదువు వంటబట్టదు, ఇల్లు నిలకడ లేదు" అందురు. అట్లనువారి మాట యప్పటికి అబద్ధమును కాదు. కాని బాలుని లోపల జరుగుచున్న మార్పు మార్కులలో కనబడలేదు.

చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా ఆయన మనస్సు ఆధ్యాత్మిక చింతనవైపు తిరిగెను. రామకృష్ణ మఠమున చేరి సన్న్యాసి కావలెనని కోరెను. తల్లి యనుమతి కావలసివచ్చెను; ఆమె యనుమతింపలేదు. వైద్యమభ్యసించినయెడల రోగుల సేవయందే ఆ కోరిక నెరవేరునని మఠమువారు హితవు చెప్పిరి. యువకుడు ఆ మాట విని చెన్నపురి వైద్యకళాశాలలో చేరెను. ధనాశతో ఇల్లు విడిచిన బాలుడు కొద్ది యేండ్లలో లోకమునే విడువగోరెను. తుదకు లోకమున నుండియే రోగులకు ఉపకరించు మార్గమును గ్రహించెను.

వైద్యకళాశాలలో నింకొక పరీక్ష యెదురయ్యెను. గాంధీమహాత్ముని పిలుపు విని సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలలో ఖద్దరు దుస్తులు ధరించిరి. అది ఆంగ్లేయుడగు శస్త్రచికిత్సాచార్యునకు రుచింపలేదు. వ్రాతపరీక్షలలో బాగుగా వ్రాసినను సంపూర్ణమగు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. పట్టము తగ్గినందున సర్కారు వైద్యోద్యోగమునకై చేసిన యత్నము కూడ ఫలింపలేదు. విశ్వాసమునకు వెల యుండునని పాఠములలో చదువుట వేరు, ఆ వెలను చెల్లించుట వేరు. ఆయన చెల్లించెను.

పిదప ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర బోధకుడుగా చేరెను. ఇంతలో కుటుంబమున గొప్ప విపత్తు సంభవించియుండెను. ఇరువురు సోదరులు కొద్ది దినముల వ్యవధిలో స్ప్రూ అను సంగ్రహణి జాతి వ్యాధిచే మరణించిరి. ఆ రోగమునకు అప్పటి వైద్యులయొద్ద సరియైన మందు లేదు. దుఃఖమున మునిగినవారు కొందరు దైవమును నిందింతురు, కొందరు ఊరకుందురు. ఈ యువకుని దుఃఖము "మందేల లేదు?" అను ప్రశ్నగా మారెను. అభిరుచి, విశ్వాసము, జీవితాశయము మూడును ఒక్కచోట కలిసినది ఇచ్చటనే యని మా యభిప్రాయము.

మామగారి సహాయముతోను, కాకినాడయందలి సత్యలింగనాయకరు ధర్మసంస్థ సహాయముతోను ఆయన అమెరికాలోని బోస్టను నగరమునకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశవ్యాధుల శాస్త్రమును అభ్యసించెను. చేతిలో డబ్బు లేమిచే రాత్రివేళ ఆసుపత్రిలో పరిచారకుని పని చేసి పొట్ట పోసికొనెను. 1925లో సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో కలిసి రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఆ పద్ధతి నేటికిని వారిరువురి పేర్లతోనే పిలువబడుచున్నది. కండరములు పని చేయునపుడు శక్తి నిచ్చు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టి.పి. అను పదార్థమును 1929లోను వారు కనుగొనిరి. ఆ 1929లోనే జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగా ఏ.టి.పి.ని కనుగొనెను. పైతరగతుల విద్యార్థులు జీవశాస్త్రమున చదువు ఏ.టి.పి. ఇదియే.

1940లో ఆయన లెడర్లే ఔషధ పరిశోధనాలయమున చేరెను. ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారుచేయబడెను. అది స్ప్రూ రోగులకు ఉపకరించునని తేలెను. సోదరులు పోయిన దాదాపు పాతికేండ్ల పిదప ఆ ప్రశ్నకు జవాబు దొరికెనన్నమాట. నేడు గర్భిణీ స్త్రీలకు ఇనుముతో చేర్చి యిచ్చు మాత్రలలో నున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. 1947లో హెట్రజాన్ అను పేర బోదకాలు వ్యాధికి మందు వెలువడెను. గోదావరి మండలములవారికి బోదకాలు ఎట్టి పీడయో చెప్పనక్కరలేదు. ఆ మందు నేటికిని బోదకాలు నిర్మూలనమునకై పంచిపెట్టబడుచున్నది. 1948లో ఆయన శాఖలోని డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు కనుగొనిన ఆరియోమైసిన్ వెలువడెను. ఆ 1948వ సంవత్సరము ఆగస్టు మాసముననే సుబ్బారావుగారు, ఏబది మూడేండ్ల ప్రాయమున, పరదేశమున మరణించిరి.

ఇక ఈ చరిత్రనుండి గ్రహింపవలసినవి చూతము.

అభిరుచినిగూర్చి: అభిరుచి యనగా సులభముగా వచ్చు వినోదము కాదు. కష్టమైనను విడువబుద్ధి పుట్టని పని యేదో అది. ఒక బాలుడు పరీక్షలో రెండుమారులు తప్పినంతమాత్రమున బుద్ధిహీనుడు కాడు. అయితే తప్పుట గొప్పయు కాదు. సుబ్బారావుగారు గొప్పవారైనది తప్పినందున గాదు, మూడవసారి కూర్చుండి వ్రాసినందున. ఈ భేదమును విద్యార్థులు మరువరాదు.

విశ్వాసమునుగూర్చి: మన పాఠశాలలో వివిధ కుటుంబముల పిల్లలు చదువుచున్నారు. వారి యిండ్లయందలి ఆరాధనలు వేరు వేరు. ఎవరి విశ్వాసమైనను సత్యమైనదో కాదో తెలియుటకు ఒక సాధారణ పరీక్ష కలదు: నష్టము వచ్చునపుడును దానిని విడువకుండుట. తోటివారు మెచ్చునపుడు మాత్రమే నిలుచు నమ్మకము అలంకారమేగాని విశ్వాసము కాదు.

దృక్పథమునుగూర్చి: తన దుఃఖమును తనకే పరిమితము చేసికొనక, అట్టి దుఃఖము ఇతరులకు రాకుండుటకు పాటుపడుటయే ఉత్తమ దృక్పథము. అయితే ఒక మాట దాచరాదు. సుబ్బారావుగారు మరల స్వదేశమునకు రాలేదు. తల్లియు, భార్య శేషగిరిగారును ఇచ్చటనే యుండిపోయిరి. ఒకరు చేసిన త్యాగమున ఇంటివారికిని పాలుండును. వారి పేరు పుస్తకములకెక్కదు. గొప్ప యాశయములు గల యువకులు తమ వెనుక నున్నవారి కన్నీటిని కూడ లెక్కలో చేర్చుకొనవలెను.

తలిదండ్రులకు మా మనవి యొక్కటి. వెంకమ్మగారు కుమారుని కాశిదారినుండి మరలించి బడికి పంపిరి, సన్న్యాసమునకు సమ్మతింపలేదు, అయినను వాని యెదలోని సేవాకాంక్ష వైద్యవిద్యగా మారుటకు అవకాశము కలిగెను. పిల్లల కోరికలన్నిటిని తీర్చుట ప్రేమ కాదు; అన్నిటిని అణచుటయు వివేకము కాదు. కోరిక వెనుక నున్న మంచిని గుర్తించి, దానికి తగిన త్రోవ చూపవలెను. పిల్లవాడు వింతైన కోరిక చెప్పినపుడు నవ్వి త్రోసివేయక, "అదేల కావలెను నాయనా?" యని యొక్కమారు అడిగి చూడుడు.

విద్యార్థులు తమ నోటుపుస్తకములలో ఈ క్రింది ప్రశ్నలకు ప్రత్యుత్తరములు వ్రాయవలెను. వీనికి మార్కులు లేవు.

1. ఎవరును చెప్పకున్నను మీరు చేయు పని యేది? ఆ పనిలో మీకు కష్టముగా తోచు భాగమేది?

2. మీరు సత్యమని నమ్మిన దానికై ఇంతవరకు ఏమైన పోగొట్టుకొంటిరా?

3. మీ యింట గాని, మీ వీధిలో గాని మీరు చూచిన ఏ బాధకు మందు, లేదా ఉపాయము, కనుగొనదలతురు?

4. ఆ పనికై మీరు దూరదేశము పోవలసివచ్చినచో ఇంటియందు ఎవరి భారము పెరుగును? వారితో ఈ విషయము మాటలాడితిరా?

నాలుగవ ప్రశ్నకు జవాబు వ్రాయుటకు ముందు ఇంటివారితో కూర్చుండి మాటలాడుడు. మిగిలిన మూడింటికి జవాబు ఒక దినమున దొరకకున్న తొందరపడవలదు. ఆ పుట ఖాళీగా నుంచి వచ్చు సంవత్సరము మరల చూడుడు.