మోకాలి స్నాయువు శస్త్రచికిత్స – మరల పరుగు ఎప్పుడు?

మోకాలిని పట్టి ఉంచు ముఖ్య స్నాయువులు నాలుగు. వాటిలో కీలు నడుమ ఏటవాలుగా ఉండు ముందరి స్నాయువు, అనగా అల్లోపతి వైద్యులు ‘ఏ.సి.ఎల్.’ అని పిలుచునది, పిక్క ఎముక ముందుకు జారకుండ కాపాడును. కబడ్డీ ఆటలో పాదము నేలకు అంటి ఉండగా శరీరము ఒక్కసారిగా తిరిగినచో అది తెగవచ్చును. ‘టప్’మను శబ్దము వినబడినదని, కొద్ది గంటలలోనే మోకాలు వాచినదని రోగులు చెప్పుచుందురు.

సుశ్రుతుడు 107 మర్మములను లెక్కించి, జాను మర్మమును వైకల్యకర మర్మములలో చేర్చెను. అచ్చట దెబ్బ తగిలినచో ప్రాణము పోదు గాని కుంటితనము కలుగునని ఆయన చెప్పెను. అయినను, ఆయుర్వేద వైద్యుడనైన నేనే ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. పూర్తిగా తెగిన ఈ స్నాయువును ఏ తైలమును, ఏ లేపనమును అతికించలేవు. అందరికిని శస్త్రచికిత్స అవసరము కాదు. వ్యాయామముతోనే సరిపెట్టుకొనువారును కలరు. అయితే మెలికలు తిరుగు ఆటలు మరల ఆడగోరు యువకులకు సాధారణముగా దానినే సూచింతురు.

ఈ శస్త్రచికిత్సలో రోగి తొడ వెనుకనుండి గాని, మోకాలి చిప్ప క్రిందినుండి గాని ఒక గట్టి నారను తీసి, ఎముకలలో రంధ్రములు చేసి అమర్చుదురు. ఆ నారకు మొదట రక్తప్రసారము ఉండదు. శరీరము దానిని కొంత కరిగించి, మరల క్రొత్తగా అల్లుకొనును. అందువలన రెండవ, మూడవ మాసములలో అది మిక్కిలి బలహీనముగా ఉండును. సరిగా అప్పటికే నొప్పి తగ్గి, నడక బాగుపడి, రోగికి ధైర్యము వచ్చును. చిక్కు అంతయు ఇక్కడనే ఉన్నది.

మా మాధవరమునకు ఎమ్మిగనూరు వైపునుండి వచ్చిన ఒక యువకుడు నాలుగవ మాసమున నన్ను అడిగెను: “అయ్యా, నొప్పి లేదు గదా, పరుగెత్తవచ్చునా?” పోలీసు కానిస్టేబులు ఎంపికలో 1600 మీటర్ల పరుగు ఉన్నది. మగ్గము నేయు తండ్రి ప్రక్కనే కూర్చుండి, “ఈ నోటిఫికేషను పోతే మళ్లీ ఎప్పుడు పడుతుందో, వీని వయసు ఆగుతుందా సామీ?” అనెను. టేపుతో కొలిచి చూడగా శస్త్రచికిత్స జరిగిన తొడ రెండవదానికంటె స్పష్టముగా సన్నగిల్లి ఉన్నది. కాలపరిమితితో కూడిన ఆ పరుగును వదలుకొనుమని చెప్పుట నాకును కష్టముగనే ఉండెను. కాని మరల తెగినచో ఒక సంవత్సరము కాదు, ఆ ఉద్యోగపు ఆశయే పోవును.

మొదటి రెండు వారములలో మోకాలు పూర్తిగా చాపగలుగుట ముఖ్యము. ఇంటివారు ప్రేమతో మోకాలి క్రింద దిండు పెట్టుదురు. అట్లు పెట్టినచో మోకాలు వంగియే బిగిసిపోవును. చుట్టిన తువ్వాలును మడమ క్రింద ఉంచి, తొడ కండరమును బిగించి వదలుచుండవలెను. బాసిపట్టు, గొంతుకూర్చొనుట కొన్ని మాసములు కూడదు. మెట్లు ఎక్కునపుడు మంచి కాలు, దిగునపుడు శస్త్రచికిత్స జరిగిన కాలు ముందు వేయవలెను.

మూడు నాలుగు మాసములు గడచి, వాపు లేక, మోకాలు పూర్తిగా చాపబడి, ఒంటికాలిపై తూలకుండ కొంత వంగి లేవగలిగినచో, వైద్యుని అనుమతితో ఒక నిమిషము మెల్లని పరుగు, రెండు నిమిషముల నడక చొప్పున దినము విడిచి దినము ఆరంభింపవచ్చును. మరునాటి ఉదయము మోకాలు వాచినచో వెనుకకు తగ్గవలెను. వాపును మించిన గురువు లేడు. రాయచూరు రోడ్డు అంచు వాలుగా ఉండును, లారీల భయము సరేసరి. నల్లరేగడి చేలలో ఎండకు నెఱ్ఱెలు, వానకు బురద. పాఠశాల మైదానమే మేలు. కబడ్డీ వంటి ఆటలకు తొమ్మిది మాసములు నిండవలెను, తొడ బలము రెండవ కాలి బలములో నూటికి తొంబది వంతులైనను రావలెను. అంతకు ముందే దిగినవారికి మరల దెబ్బ తగులుట ఎక్కువని పరిశోధనలు తెలుపుచున్నవి.

పుల్లెల గోపీచంద్‌కు 1994లో ఈ స్నాయువే తెగెను. శస్త్రచికిత్సల తరువాత ఆయన 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత అయ్యెను.

గాయము పూర్తిగా మానిన పిదప గోరువెచ్చని నువ్వుల నూనెతో తొడను మృదువుగా మర్దించవచ్చును. పిక్కలో నొప్పి, వాపు, వేడి ఉన్నచో మర్దన చేయరాదు. రక్తము గడ్డకట్టి ఉండవచ్చును, వెంటనే ఆసుపత్రికి పోవలెను. వావిలాకు కాచిన నీటి కాపడము బిగువు తగ్గించును గాని, వేడిగా వాచిన మోకాలికి పనికిరాదు. దానికి గుడ్డలో చుట్టిన మంచుగడ్డయే మంచిది. కుట్ల ప్రక్కన చర్మమునకు స్పర్శ తగ్గియుండును గనుక కాపడపు వేడిని చేతితో చూచుకొనవలెను. రక్తము పలుచబరచు మందులు వాడువారు గుగ్గులును వైద్యునికి తెలుపక సేవింపరాదు. కండరము పెరుగుటకు జొన్నరొట్టెతో పప్పు, ఉలవలు, వేరుసెనగ, పాలు తప్పక ఉండవలెను. తినువారు గ్రుడ్లు తినవచ్చును.

ఉగాదికి శ్రీశైలము కాలినడకన పోవువారు సంవత్సరము నిండిన తరువాతనే బయలుదేరుట మంచిది. భీముని కొలను వద్ద ఎక్కుటకంటె దిగుటలోనే మోకాలికి శ్రమ ఎక్కువ. అచ్చట చేతికఱ్ఱ పట్టుకొని, మూటను తోడివారికి ఇచ్చి దిగవలెను.