ఉరకడానికి చోటు ఎక్కడ?

మన ఇళ్లలో ఉరుకుడు, పుస్తకాల్లో పరుగు, వీధిలోకి వస్తే మరాఠీలో ధావణే. మాట ఏదైనా చంద్రపూర్ అమ్మాయికి ముందు వచ్చే ప్రశ్న ఒకటే: ఎక్కడ? ఇది సరదా ప్రశ్న కాదు. మహారాష్ట్ర పోలీస్ భర్తీ మైదాన పరీక్షలో అమ్మాయిలకు 800 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, గుండు విసరడం ఉంటాయి. మొత్తం 50 మార్కుల్లో 20 ఆ 800 మీటర్లవే. అంటే చోటు దొరకకపోతే ఉద్యోగమే దూరమైనట్టు.

విశాఖపట్నంలో చుట్టాలున్నవాళ్లు అడిగి చూడండి, వెంటనే బీచ్ రోడ్డు అంటారు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు. వేగం కోసం చదును రోడ్డు, కాళ్ల బలం కోసం కైలాసగిరి ఎక్కుడు. మనకు సముద్రమూ లేదు, అలాంటి ఎక్కుడూ లేదు. కానీ ఏ ఊళ్లోనైనా చోటు ఎంచడానికి చూడాల్సినవి నాలుగే: నేల, గాలి, వేళ, మనుషులు.

నేల: గోండు రాజుల కోట గోడ మన పాత ఊరి చుట్టూ సుమారు 11 కిలోమీటర్లు ఉంది. వినడానికి మంచి దారిలా ఉంటది. కానీ అది పాత కట్టడం, రాళ్లు ఎగుడుదిగుడు. దాన్ని నడిచి చూడాలి, దాని మీద ఉరకొద్దు. జట్‌పురా గేటు దగ్గరైతే బండ్ల మధ్య నడవడమే కష్టం. సిమెంటు రోడ్డు కంటే మట్టి మైదానం మోకాళ్లకు నయం. బల్లార్‌పూర్ దగ్గర విసాపూర్ క్రీడా సంకుల్‌లో సింథటిక్ ట్రాక్ ఉంది. 2023 డిసెంబర్‌లో జాతీయ పాఠశాల అథ్లెటిక్స్ పోటీలు అక్కడే జరిగాయి. ట్రాక్ మీద లోపలి మొదటి లేన్ ఒక చుట్టు 400 మీటర్లు, రెండు చుట్లు కొడితే మన పరీక్ష. రెండో లేన్‌లో చుట్టుకు 7 మీటర్లు ఎక్కువ పడుతుంది, టైము చూసుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి.

గాలి: 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చంద్రపూర్‌ది 4వ స్థానం. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు ఎంత ఖాళీగా కనిపించినా వదిలేయండి. ఉరికేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు గాలి పీలుస్తాం, దాంతో పాటు దుమ్మూ లోపలికి పోతది. ఆ మండలి వాళ్లదే సమీర్ యాప్ ఉంది, బయల్దేరే ముందు ఫోన్‌లో ఒకసారి చూడండి.

వేళ: ఇది కాలాన్ని బట్టి మారాలి. 2019 మే నెలలో ఇక్కడ 48 డిగ్రీలు నమోదైంది. కాబట్టి ఎండాకాలం సూర్యుడు రాకముందే ముగించాలి. చలికాలం దీనికి ఉల్టా. తెల్లారగట్ల చల్లటి గాలి నేలను పట్టుకొని ఉంటే పొగ, దుమ్ము పైకి పోలేవు. కొంచెం ఎండ వచ్చి నేల వేడెక్కాక పోవడం మంచిది.

మనుషులు: మనకు ఇదే అన్నిటికంటే పెద్దది. తాడోబా అడవి ఇంత దగ్గరున్న ఊళ్లో దుర్గాపూర్, థర్మల్ కేంద్రం వైపు పొదల దారుల్లో పులి, చిరుత భయం నిజమైనదే, ప్రాణాలు పోయాయి కూడా. అక్కడ చీకట్లో వద్దు. అట్లని మనుషులున్న ప్రతి చోటూ మంచిది కాదు. దీపం ఉందా, ఇంకో నలుగురు ఆడవాళ్లు వస్తారా, నీళ్లు, బాత్రూమ్ ఉన్నాయా, వెళ్లే దారి కూడా బాగుందా, ఇవి చూడాలి. ఒక్కరోజు ధైర్యం చేసి పోయే చోటు కాదు, రోజూ పోగలిగిన చోటే మంచి చోటు. అమ్మ "జాగ్రత్త" అని పంపించగలిగిన చోటు.

అది వెతకడం ఒక్కరి పని కాదు. ఒక్కరు పోతే ఖాళీ మైదానం, ఐదుగురం పోతే అదే మన మైదానం. అందుకే ఈ కాగితం కింద గళ్లు గీసి పెట్టాం. మీ వాడ పేరు, మీకు వీలైన టైము రాయండి. మేడమ్‌లూ రాయవచ్చు, నడకకైనా సరే!