నేలలో పాతిన సోలార్ వైరు – కంటికి కనబడని ప్రమాదం

ఈ పాఠంలో మీరు తెలుసుకునే విషయాలు:
1. సోలార్ కరెంటుకు, స్తంభం కరెంటుకు తేడా ఏమిటి?
2. వైరును నేరుగా మట్టిలో పాతితే ఏమి జరుగుతుంది?
3. పాతక తప్పనప్పుడు ఏ విధంగా పాతాలి?
4. షాకు తగిలిన మనిషిని ఎలా కాపాడాలి?

వరంగల్–ఖమ్మం రోడ్డు మీద ఉన్న తొర్రూరు చుట్టుపక్కల ఊళ్ళలో బావి, బోరు లేని పొలం అరుదు. మోటరు దగ్గర కరెంటు జాగ్రత్తలు మన రైతులకు కొంతవరకు తెలిసినవే. అయితే ఇప్పుడు పొలాల్లోకి, ఇళ్ళ మీదికి సోలార్ పలకలు వస్తున్నాయి. సోలార్ పంపులకు సాయం చేసే పీఎం కుసుమ్ పథకం 2019లో, ఇంటి పైకప్పు సోలార్‌కు రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024లో మొదలయ్యాయి. గిరిజన రైతుల కోసం ఇందిర సౌర గిరి జల వికాసం పథకాన్ని మన రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రారంభించింది. ఇవి మంచి పథకాలే. కానీ పలకల నుండి మోటరు వరకు పోయే వైరును చాలామంది జానెడు లోతు కాలువ తీసి, అందులో వేసి, పైన మట్టి కప్పి వదిలేస్తారు. "కాళ్ళకు అడ్డం రాదు, దొంగల కంట పడదు" అనుకుంటారు. ఆ జానెడు మట్టి కింద ఏమి జరుగుతుందో ఇప్పుడు చూద్దాం.

సోలార్ కరెంటు ఎందుకు వేరు?

ఇంటికి వచ్చే కరెంటు ఏసీ. అది సెకనుకు 100 సార్లు సున్నాకు వచ్చి మళ్ళీ లేస్తుంది. కనుక ఎక్కడైనా నిప్పురవ్వ పుట్టినా ఆరిపోయే అవకాశం ఉంటుంది. పలకల నుండి వచ్చేది డీసీ. అది సున్నాకు రాదు, ఏకధాటిగా పారుతుంది. తెగిన వైరు కొసల మధ్య ఒకసారి మంట లేచిందంటే ఎండ ఉన్నంతసేపు మండుతూనే ఉంటుంది. ఆ వేడి వేల డిగ్రీలు ఉంటుంది.

రెండవది వోల్టేజి. ఇప్పుడు వచ్చే పెద్ద పలక ఒక్కొక్కటి సుమారు 40 నుండి 50 వోల్టులు ఇస్తుంది. ఒక్క పలకను చూసి "ఇది బ్యాటరీ లాంటిదే" అనుకోవచ్చు. కానీ పది పలకలను వరుసగా కలిపితే అది 400 వోల్టులు దాటుతుంది. పొడి చోట 120 వోల్టుల డీసీ దాటితేనే ప్రమాదమని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. నీళ్ళు పెట్టిన మడిలో, తడి కాళ్ళతో ఉన్న మనిషికి అంతకన్నా చాలా తక్కువ వోల్టేజి కూడా ప్రాణాంతకమే.

మూడవది అన్నిటికంటే ముఖ్యం. స్తంభం కరెంటును ఫ్యూజు తీసి ఆపవచ్చు. సూర్యునికి ఫ్యూజు లేదు. మీరు మోటరు ఆపినా, స్విచ్ కట్టేసినా, పలకల నుండి ఆ స్విచ్ వరకు ఉన్న వైరులో వెలుతురు ఉన్నంతసేపు కరెంటు ఉంటుంది. ఇంట్లో షాకు కొట్టకుండా పెట్టుకునే ఈఎల్‌సీబీ కూడా ఈ డీసీ వైరును కాపాడలేదు.

మట్టిలో వైరుకు ఏమవుతుంది?

సోలార్ వైరును ఎండకు, వానకు తట్టుకొని గాలిలో ఉండేటట్లు తయారు చేస్తారు. ఏడాది పొడుగునా తడి మట్టిలో నానడానికి, బరువు మోయడానికి కాదు. మట్టిలో దానికి శత్రువులు అనేకం:

• పందికొక్కులు, ఎలుకలు పై తొడుగును కొరుకుతాయి. చెదలు కూడా తొలుస్తాయి.
• నల్లరేగడి నేల ఎండాకాలం నెర్రెలు విచ్చి, వానాకాలం ఉబ్బుతుంది. ఆ గుంజులాటకు వైరు సాగి, అతుకుల దగ్గర ఊడుతుంది.
• చెలక నేలలో గులకరాళ్ళు వైరును ఒరుసుకొంటాయి. పైన ట్రాక్టరు తిరిగితే రాయి తొడుగులోకి దిగుతుంది.
• నాగలి, కల్టివేటర్, గడ్డపార జానెడు లోతును సులభంగా దాటుతాయి.
• టేపు చుట్టిన అతుకులోకి, ప్లాస్టిక్ కనెక్టర్లలోకి నీరు చేరి రాగి చిలుము పడుతుంది.

"నేను పాతి ఏడాది అయింది, ఏమీ కాలేదు" అని కొందరు అంటారు. దీనికి కారణం ఉంది. చాలా సోలార్ పంపుల్లో ప్లస్, మైనస్ వైర్లు రెండింటినీ భూమికి కలపరు. కనుక ఒక వైరు తొడుగు చిరిగినా వెంటనే షాకు తెలియకపోవచ్చు, మోటరు కూడా నడుస్తుంది. ఆ మొదటి గాయం మట్టి కింద దాగి ఉంటుంది. కొన్ని నెలలకు రెండవ వైరు కూడా చిరిగినప్పుడు, లేదా ఎవరైనా ఆ రెండవ వైరును ముట్టుకున్నప్పుడు కరెంటుకు దారి పూర్తవుతుంది. ఆ దారిలో ఉన్నది మనిషి కావచ్చు, ఎద్దు కావచ్చు. కరెంటు పారే తడి నేల మీద పశువులకు మనకన్నా ప్రమాదం ఎక్కువ. వాటి ముందుకాళ్ళకు, వెనుకకాళ్ళకు మధ్య దూరం ఎక్కువ కావడమే దీనికి కారణం.

ఈ గుర్తులు కనబడితే ఆగండి

• తడి నేల మీద నడిస్తే కాళ్ళు జిల్లుమనడం.
• పశువులు ఒక చోట అడుగు పెట్టక బెదిరిపోవడం.
• వాన పడిన మరునాడు ఉదయం మోటరు నడవక, ఎండెక్కాక నడవడం. కంట్రోలర్ డబ్బా మీద ఎర్తు లేదా ఇన్సులేషన్ లోపం అని రావడం.
• వైరు పోయిన దారిలో గడ్డి మాడడం, కాలిన ప్లాస్టిక్ వాసన రావడం.

వీటిలో ఏది కనబడినా అక్కడ తవ్వవద్దు. పిల్లలను, పశువులను దూరంగా ఉంచండి. పంపు అమర్చిన కంపెనీ మనిషిని, లేదా సోలార్ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

పాతక తప్పకపోతే ఇలా చేయించండి

1. ముందుగా, పాతకుండా ఉండే మార్గం చూడండి. కంట్రోలర్‌ను పలకల కిందనే బిగిస్తే డీసీ వైరు పొడవు బాగా తగ్గుతుంది.
2. వైరును నేరుగా మట్టిలో వేయకూడదు. మందమైన హెచ్‌డీపీఈ పైపులో వేయాలి, లేదా నేలలో వేయడానికే తయారైన ఇనుప కవచం గల ఆర్మర్డ్ కేబుల్ వాడాలి.
3. లోతు కనీసం 75 సెంటీమీటర్లు, అనగా రెండున్నర అడుగులు ఉండాలి. భారత ప్రమాణాల సంస్థ నియమావళి తక్కువ వోల్టేజి కేబుళ్ళకు చెప్పే లోతు ఇదే.
4. అడుగున ఇసుక, దానిపై పైపు, మళ్ళీ ఇసుక, ఆపైన ఇటుకల వరుస, ఆపైన హెచ్చరిక రంగు టేపు వేసి మట్టి కప్పాలి. రేపు తవ్వేవాడికి ముందు టేపు, తర్వాత ఇటుక కనబడి చేయి ఆగుతుంది.
5. నేల కింద అతుకు ఉండకూడదు. పైపు రెండు కొసలను నేల పైకి తెచ్చి, నీరు, ఎలుకలు దూరకుండా మూసివేయాలి.
6. దుక్కి పడే చోట కాక గెట్టు వెంబడి వేయండి. అక్కడక్కడ గుర్తు రాళ్ళు పాతండి. వైరు పోయిన దారిని కాగితం మీద గీసి కంట్రోలర్ డబ్బా తలుపు లోపల అంటించండి. పొలం కౌలుకు ఇచ్చినా, అమ్మినా ఆ కాగితం చూపించండి.
7. పలకల దగ్గరే డీసీ ఐసోలేటర్ స్విచ్, సరైన ఎర్తింగ్ ఉండాలి.
8. ప్రతి సంవత్సరం వానలకు ముందు వైరు ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో పరీక్ష చేయించండి.

కంట్రోలర్ నుండి బోరులోకి పోయే మోటరు కేబుల్‌కు కూడా ఇవే జాగ్రత్తలు. ఈ పనికి అయ్యే ఖర్చు ఎద్దు ఖరీదు కన్నా చాలా తక్కువ. మనిషి ప్రాణానికి ఖరీదు లేనే లేదు.

షాకు తగిలితే ఏమి చేయాలి?

మొదట మీ ప్రాణం చూసుకోండి. పట్టుకొని ఉన్న మనిషిని చేతితో లాగితే ఇద్దరూ చిక్కుకుంటారు. ఐసోలేటర్ ఆపండి. దెబ్బతిన్న చోటు పలకలకు, ఐసోలేటర్‌కు మధ్య ఉంటే స్విచ్ ఆపినా కరెంటు పోదు. అప్పుడు వడ్లు కప్పే మందమైన పరదాలను పలకల మీద వెలుతురు పడకుండా కప్పండి. పొడి నేల మీద నిలబడి, ఎండిన కర్రతో వైరును దూరంగా నెట్టండి. ఒకరు వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మనిషి విడివడిన తర్వాత:

• పిలిచి చూడండి. పలకక, ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కండి. అంబులెన్సు వచ్చే వరకు ఆపవద్దు. ఊపిరి అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఇక్కడి నుండి వరంగల్ చేరడానికి గంట పైనే పడుతుంది. కనుక ఆ నిమిషాలు మీ చేతుల్లోనే ఉన్నాయి.
• కాలిన చోట 20 నిమిషాలు మామూలు చల్లని నీరు పోయండి. పేస్టు, సిరా, పసుపు, నెయ్యి పూయవద్దు.
• షాకు తగిలిన మనిషిని మట్టిలో గాని, పేడలో గాని మెడ వరకు కప్పితే కరెంటు దిగిపోతుందని కొన్ని చోట్ల నమ్ముతారు. ఇది తప్పు. వైరు నుండి విడివడిన శరీరంలో కరెంటు నిలవ ఉండదు. అలా కప్పితే ఛాతీ నొక్కడానికి వీలుండదు, పుండ్లకు చీము పడుతుంది, విలువైన సమయం పోతుంది.
• మనిషి లేచి "బాగానే ఉన్నాను" అన్నా ఆసుపత్రికి తీసుకురండి. చర్మం మీద చిన్న మచ్చే ఉండవచ్చు, లోపల కండరాలు కాలి ఉండవచ్చు. ఆ కండరాల నుండి వచ్చే పదార్థం మూత్రపిండాలను పాడుచేస్తుంది. మూత్రం ఎర్రగా గాని, చాయ్ రంగులో గాని వస్తే ఆలస్యం చేయకూడదు. గుండె లయ తప్పిందేమో ఈసీజీ తీసి చూడాలి.

మీరు నేర్చుకున్నది సరిచూసుకోండి

1. స్విచ్ ఆపిన తర్వాత కూడా ఏ భాగం వైరులో కరెంటు ఉంటుంది?
2. పాతిన వైరు ఒక చోట చిరిగినా వెంటనే షాకు ఎందుకు తెలియకపోవచ్చు?
3. కేబుల్ మీద ఇటుకలు, టేపు ఎందుకు వేయాలి?
4. షాకు తగిలిన మనిషిని మట్టిలో ఎందుకు కప్పకూడదు?

ఈ ప్రశ్నలను ఇంట్లో పెద్దలను, పిల్లలను కూడా అడగండి. మీ పొలంలోనో, పక్క పొలంలోనో వైరు ఊరికే మట్టిలో పాతి ఉంటే ఈ వానాకాలం రాకముందే తీయించి పైపులో వేయించండి. ఆ పని సూర్యుడు అస్తమించిన తర్వాత గాని, పలకలను పూర్తిగా కప్పి గాని, పని తెలిసిన మనిషి చేతనే చేయించండి.