ఛార్జింగ్ పెట్టి తాళం వేసుకు రావద్దు

గుడియాత్తం



మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "సాయంత్రం బండ్లన్నీ షెడ్డులో పెట్టి, ఛార్జర్లు తగిలించి, తాళం వేసుకుని వచ్చేస్తా మామా, పొద్దున్నకి అవే నిండిపోతాయి" అన్నావు. తాళం వేయడం, వచ్చేయడం, ఈ రెండు మాటలకే నాకు భయం వేసింది. నలభై ఏళ్లు బ్యాటరీల మధ్య బతికినవాణ్ణి. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నా.

మన చిత్తూరు, పలమనేరు వైపు జనానికి రాయవేలూరు, అంటే వేలూరు, ఆస్పత్రి ఊరు. అక్కడి ఆస్పత్రిలో నువ్వు నడిపే బ్యాటరీ బండి ఎక్కేది కాలికి కట్టుతో వచ్చినవాళ్లు, మోకాళ్లు పట్టేసిన ముసలివాళ్లు. బండి మధ్యలో ఆగిపోతే దిగి నడిచే మనుషులు కారు వాళ్లు. గోల్ఫ్ మైదానంలో ఆటగాళ్ల కోసం పుట్టిన బండి మన దగ్గర ఈ పనికి వచ్చింది. అందుకే దాని బ్యాటరీ సంగతి నాకు చిన్న విషయంగా కనిపించదు.

అల్లాపురం సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. 2022 మార్చి నెలాఖరు. వేలూరులోనే, కొత్తగా కొన్న కరెంటు స్కూటరును రాత్రి ఇంటి దగ్గర ఛార్జింగ్ పెట్టి పడుకున్నారు. నిద్రలో ఉండగా అంటుకుంది. తండ్రి, పదమూడేళ్ల కూతురు పొగకు ఊపిరాడక పోయారు. ఆ తర్వాత కేంద్రం ఇలాంటి బండ్ల బ్యాటరీలకు నిబంధనలు బిగించింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమల్లోకి వచ్చాయి. మంచిదే. కానీ బ్యాటరీ ఫ్యాక్టరీ దాటి వచ్చాక దాన్ని ఎక్కడ, ఎవరి కళ్ల ముందు ఛార్జింగ్ పెడుతున్నామో చూసుకోవాల్సింది మనమే కదా.

స్కూటర్‌లో ఉన్నది లిథియం. నీ ఆరు బండ్లలో రెండిటికి లిథియం, నాలుగింటికి పాత రకం లెడ్ యాసిడ్ అన్నావు. లిథియం వాటికి వాటితో వచ్చిన ఛార్జరే తగిలించు. ప్లగ్గు ఒకేలా ఉందని లెడ్ యాసిడ్ ఛార్జరు తెచ్చి గుచ్చొద్దు. పెట్టె ఉబ్బినా, కింద పడినా, వాన నీళ్లలో నానినా ఆ బండిని ఛార్జింగ్‌కి పెట్టకుండా ఆరుబయట దూరంగా నిలిపి, కంపెనీ మనిషిని పిలిపించు. నువ్వు బయటికి రావాల్సిన దారికి అడ్డంగా మాత్రం ఏ బండినీ ఛార్జింగ్ పెట్టకు.

లెడ్ యాసిడ్ ప్రమాదం వేరు. అది నా కళ్లతో చూశాను. అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు, ఒక బ్యాటరీ షాపులో పని నేర్చుకుంటున్నా. మన గుడియాత్తం అగ్గిపెట్టెల ఊరు. జేబులో అగ్గిపెట్టె లేని మగవాడు ఉండేవాడు కాదు. ఒక రాత్రి లారీ బ్యాటరీ ఛార్జింగ్ మీద ఉండగా కరెంటు పోయింది. లోపల నీళ్లు ఎంతున్నాయో చూద్దామని నాతో పనిచేసే అన్న మూత తిప్పి తీసి, వంగి, అగ్గిపుల్ల గీశాడు. టప్పుమంది. టపాకాయ కంటే గట్టిగా. బ్యాటరీ పైభాగం పెచ్చులుగా ఎగిరింది, యాసిడ్ ఆయన ముఖం మీద పడింది. చేయి పట్టి తొట్టి దగ్గరికి లాక్కెళ్లి, కళ్లు బలవంతంగా తెరిపించి, ఆటో వచ్చేదాకా చెంబుతో నీళ్లు పోస్తూనే ఉన్నా. కన్ను దక్కింది, చూపులో మసక మిగిలింది. ఆ రోజు నేను వేసుకున్న చొక్కాను రెండు రోజుల తర్వాత ఉతికితే జల్లెడలా చేతిలోకి వచ్చింది.

ఛార్జింగ్ చివరికి వచ్చేసరికి బ్యాటరీలోని నీరు విడిపోయి హైడ్రోజన్ బుడగలు లేస్తాయి. నీ 48 వోల్టుల సెట్టు 57 దాటిందంటే ఆ దశకు వచ్చినట్టే. చెవి పెడితే సన్నగా బుసబుసమని వినిపిస్తుంది. గాలిలో హైడ్రోజన్ నూటికి నాలుగు పాళ్లు చేరితే చాలు, ఒక నిప్పురవ్వతో పేలుతుంది. కరెంటు పోయినంత మాత్రాన ఆ వాయువు పోదు, షాపులో ఆ అన్నకు జరిగింది అదే. అది గాలికంటే తేలిక కాబట్టి పైకి లేచి రేకు కింద పేరుకుంటుంది. నీ షెడ్డుకు షట్టరు దించి తాళం వేస్తే దానికి బయటపడే దారేది? గోడ పైభాగాన కిటికీలు తీయించమని, రాత్రి మనిషి ఒకరు ఉండేలా చూడమని మీ సూపర్‌వైజర్‌ను అడుగు. ఒకసారి అడిగి ఊరుకోకు. ఒప్పుకునేదాకా సాయంత్రం నాలుగింటికే ఒక బండి, ఐదింటికి ఇంకొకటి దించి, నువ్వున్నంతసేపూ షట్టరు తీసి ఉంచి ఛార్జింగ్ చేయి. క్లిప్పు తీసేముందు ఛార్జర్ స్విచ్చి ఆపు, లేకపోతే ఆ రవ్వ అక్కడే పుడుతుంది. ఛార్జర్‌ను పదిహేను ఆంపియర్ల ప్లగ్గుకే పెట్టు, ఎర్తు ఉందో లేదో చూడు, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఆ షెడ్డులో కనపడకూడదు.

నా ఉంగరం వేలు చుట్టూ ఉన్న మచ్చను చిన్నప్పుడు తడిమి అడిగేవాడివి. ఉంగరం ఒక పక్క, స్పానర్ ఇంకో పక్క తగిలి అయిన గాయం అది. వాచీ, ఉంగరం, చేతి గొలుసు తీసి టిఫిన్ డబ్బాలో పెట్టాకే బ్యాటరీ మీద చేయి వేయి. స్పానర్ పిడికి టేపు చుట్టు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్.

ఇక నీళ్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీల్లో బోరు నీళ్లు పోస్తున్నారని విని బాధ కలిగింది. మన పాలారు పరీవాహకంలో భూమి నీటికి ఏం జరిగిందో దేశమంతటికీ తెలుసు. తోళ్ల ఫ్యాక్టరీల కాలుష్యం మీద వేలూరు పౌరుల సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 1996 ఆగస్టులో వచ్చిన తీర్పును ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నీటి ఉప్పులోని క్లోరైడు సీసం పలకలను తినేస్తుంది. ఇనుము ఉంటే నిలబెట్టిన బ్యాటరీ తనంతట తానే దిగిపోతుంది. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు పట్టి పోసేవాళ్లనూ చూశాను, అందులో దుమ్ము, రాగి ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ వద్దు. అది కూడా ఛార్జింగ్ అయ్యాకే పోయాలి, ముందు పోస్తే వేడికి పొంగి యాసిడ్ పైకి కారుతుంది. పలకలు బయటికి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంత ముందు పోసి, మిగతాది తర్వాత. తగ్గింది నీరే కాబట్టి యాసిడ్ ఎప్పుడూ కలపొద్దు. టెర్మినళ్ల మీద పచ్చతెల్లగా పూత పడితే వంట సోడా కలిపిన నీళ్లతో తుడిచి, ఆరాక వాజిలైన్ రాయి. తుడిచేటప్పుడు మూతలు బిగించి ఉండాలి, సోడా నీళ్లు లోపలికి పోకూడదు.

ఛార్జింగ్ సగంలో తీసేయడం ఇంకో జబ్బు. మొదటి ఎనభై శాతం చకచకా ఎక్కుతుంది, చివరి ఇరవైకి గంటలు పడుతుంది. తొందరలో ఆ చివరిదాన్ని రోజూ తెంచేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ చిన్నదవుతూ పోతుంది. అలాగని పూర్తిగా పీల్చేదాకా నడపకు, సగం దిగగానే షెడ్డుకు తిప్పు. ఖాళీ బండిని రెండు రోజులైనా అలా నిలబెట్టొద్దు.

కత్తిరి ఎండలు వస్తున్నాయి. రేకుల షెడ్డు కింద బ్యాటరీ మామూలు కంటే పది డిగ్రీలు వేడెక్కి ఉంటే దాని ఆయుష్షు సగానికి పడిపోతుంది. మధ్యాహ్నం తిరిగి వచ్చిన బండిని వెంటనే ఛార్జర్‌కి తగిలించకు. వేపచెట్టు నీడలో గంటసేపు ఆరనివ్వు. నెలకోసారి చూసే నీటి మట్టం ఈ రెండు నెలలూ వారానికోసారి చూడు.

ఒక నోటు పుస్తకం కొను. ఒక్కో లెడ్ యాసిడ్ బండికి ఎనిమిది వోల్టులవి ఆరు బ్యాటరీలు, ఒక్కోదాంట్లో నాలుగు సెల్లు, మొత్తం ఇరవై నాలుగు. నెలకోసారి పూర్తి ఛార్జ్ అయ్యాక హైడ్రోమీటర్‌తో ప్రతి సెల్లు గ్రావిటీ రాయి. 1260 దగ్గర ఉంటే నిండినట్టు, 1190కి దిగితే సగం అయిపోయినట్టు. అన్నీ 1260 ఉండి ఒకటి మాత్రం 1200 చూపిస్తే, బండి ఇంకా నడుస్తున్నా సరే, అక్కడే రేపటి గొడవ దాగుంది. ఛార్జర్‌లో ఈక్వలైజ్ అనే మీట ఉంటే ఒకసారి ఆ ఛార్జింగ్ ఇచ్చి చూడు. అప్పటికీ లేవకపోతే ఆ బ్యాటరీ మార్చాల్సిందే. పాతదాన్ని డీలర్‌కే తిరిగి ఇచ్చి రసీదు తీసుకో. వాడిన బ్యాటరీని సేకరించే, రీసైకిల్ చేసే సంస్థలకే చేర్చాలని 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు కూడా చెబుతున్నాయి. పగలగొట్టి సీసం కరిగించేవాడికి మాత్రం అమ్మొద్దు, ఆ పొగ పక్కనే వాడి పిల్లలు కూడా ఆడుకుంటుంటారు.

తమిళ నెల వైకాశి ఒకటిన గంగమ్మ శిరస్సు తిరునాళ్లకు ఎలాగూ వస్తావు. వచ్చేటప్పుడు ఆ నోటు పుస్తకం తీసుకురా. కౌండిన్య నది ఒడ్డున రద్దీ తగ్గాక ఇంటి అరుగు మీద కూర్చుని నాలుగు బండ్ల అంకెలూ కలిసి చూద్దాం. ఈలోగా, మూడో నంబరు బండి ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం లేదన్నావు కదా, దాని ఇరవై నాలుగు సెల్లూ కొలిచి ఫోటో తీసి పంపు. మీ అత్త నీకు గోంగూర పచ్చడి కట్టి ఉంచింది.

ఇట్లు
మీ మామయ్య