టైమింగ్ పట్టగలిగే పిల్లాడికి సీఎస్‌ఈ సీటు కొనకండి

చదువు అబ్బనివాడే మెకానిక్ అవుతాడన్న నమ్మకం మన ఇళ్లలో ఇంకా గట్టిగానే ఉంది. పదో తరగతి పిల్లాడు బండి షెడ్డు దగ్గర నిలబడ్డాడని తెలిస్తే చాలు, ఆ వారమే ఇంటర్, ఎప్‌సెట్ కోచింగ్ ప్యాకేజీకి డబ్బు కట్టేస్తారు. ఆ పిల్లాడు అక్కడ ఏం చూస్తున్నాడో ఒక్కసారైనా అడిగారా?

ఒక ఉదాహరణ చెబుతాను. కార్బొరేటర్ ఉన్న పాత వంద సీసీ బండి. కిక్ కొడితే ఎదురు తంతుంది, కార్బొరేటర్‌లోంచి టప్‌మని పేలుతుంది, స్టార్టయినా పికప్ ఉండదు. ఇది టైమింగ్ తప్పిన లక్షణమే. అయినా మంచి మెకానిక్ వెంటనే ఇంజిన్ మీద చెయ్యి వేయడు. ప్లగ్, పెట్రోలు, కంప్రెషన్, కార్బొరేటర్ బిగింపు దగ్గర గాలి లీకు... ముందు ఇవన్నీ చూస్తాడు. వీటిలో కొన్ని అచ్చం టైమింగ్ పోయినట్టే కనిపిస్తాయి మరి.

ఆ తర్వాత పిస్టన్ పైకొచ్చిందని చెప్పే, మాగ్నెట్ మీది ‘టి’ గుర్తును కేసు మీది గీతకు కలుపుతాడు. అప్పుడు క్యామ్ పళ్లచక్రం గుర్తు కూడా హెడ్ మీది గుర్తుకు ఎదురుగా ఉండాలి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరుగుతుంది కాబట్టి ‘టి’ కలిసిన ప్రతిసారీ అది కంప్రెషన్ స్ట్రోకే కానక్కర్లేదు. అందుకే టాపెట్లు రెండూ వదులుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. క్యామ్ చక్రానికి 28 పళ్లున్నాయనుకుంటే, చైన్ ఒక్క పన్ను తప్పినా క్రాంక్ లెక్కలో దాదాపు 26 డిగ్రీల తేడా వస్తుంది.

అసలు పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది. ‘టి’ కలిసింది, క్యామ్ గుర్తు మాత్రం పక్కకు ఉంది. సగం నేర్చినవాడు చైన్ జారిందని తేల్చి, విప్పి మార్చేస్తాడు. బండి ఇంకా పాడవుతుంది. బుర్ర పెట్టేవాడు ఆగి, ప్లగ్ తీసి, పిస్టన్ నిజంగా పైకొచ్చిందా అని చూస్తాడు. రాలేదంటే తప్పు చైన్‌ది కాదు. మాగ్నెట్‌ను క్రాంక్ మీద కదలకుండా పట్టి ఉంచే అర్ధచంద్రం కీ తెగి, మాగ్నెట్టే పక్కకు తిరిగింది. గుర్తులు మాగ్నెట్ మీదే ఉన్నాయి కాబట్టి అవీ దానితోపాటే తిరిగిపోయాయి. స్పార్క్‌కు సిగ్నల్ ఇచ్చేదీ మాగ్నెట్టే కనుక టైమింగ్ లైటు పెట్టి చూసినా, స్పార్క్ పడాల్సిన చోటును చూపే ‘ఎఫ్’ గుర్తు సరిగ్గానే కనిపిస్తుంది.

నమ్మిన ఆధారాన్నే అనుమానించి, దానికి సంబంధం లేని ఇంకో ఆధారంతో సరిచూసుకోవడం ఇది. కోడ్‌లో తప్పు వెతికే ఇంజినీరు చేసేదీ ఇదే. ఈ బుద్ధి ఉన్న పిల్లాణ్ణి మొద్దు అనడం నాకు కోపం తెప్పిస్తుంది. ఇష్టంలేని సీటు కోసం మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు పోసి, నాలుగేళ్లు గడిచాక బ్యాక్‌లాగ్‌లతో తిరిగొచ్చిన పిల్లల్ని చూశాను. పొలం మీద తెచ్చిన అప్పుకు సీటు పేరు చూసి వడ్డీ తగ్గదు.

అలాగని పదో తరగతి మాన్పించి షెడ్డులో పడేయమని కాదు. ఆ పని అసలు చేయకండి. నట్లు కడుగుతూ, టీలు తెస్తూ ఏళ్లు గడిపితే పని రాదు, కాగితమూ రాదు. పది పాసైతే ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు. పాలిసెట్ రాస్తే ఆటోమొబైల్ డిప్లొమా మూడేళ్లు. నేనైతే ఐటీఐ, దాని వెంటనే అప్రెంటిస్‌షిప్ అంటాను. 1961 చట్టం ప్రకారం అప్రెంటిస్‌కు స్టైపెండ్ ఇవ్వాల్సిందే. డిప్లొమా చేసినవారికి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఎటూ ఉంది. తలుపులేవీ మూసుకుపోవు.

ఇక ‘ముప్పై రోజుల్లో ఈవీ ఎక్స్‌పర్ట్, ఉద్యోగం గ్యారంటీ’ బోర్డుల సంగతి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 రావడంతో కొత్త బళ్లలో దాదాపుగా కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సర్లు, ఈసీయూ వచ్చాయి. కరెంటు నేర్వక తప్పదు, నిజమే. కానీ మల్టీమీటర్ పట్టి వైరింగ్ డయాగ్రమ్ చదవడం నెల రోజుల ప్రొజెక్టర్ బొమ్మలతో రాదు. ఫీజు కట్టేముందు లోపలికి వెళ్లి చూడండి: పిల్లలు స్వయంగా విప్పి బిగించే ఇంజిన్లు ఎన్ని ఉన్నాయి? ఒక్కో దాని చుట్టూ ఎంతమంది నిలబడ్డారు? సర్టిఫికెట్ ఎవరి పేరుతో ఇస్తారు? కిందటి బ్యాచ్ పిల్లల్లో ఇద్దరితో మాట్లాడనిస్తారా? ఆ నాలుగో ప్రశ్నకు నీళ్లు నమిలితే డబ్బు తీయకుండా బయటికి వచ్చేయండి. ఆ డబ్బుతో మంచి స్పానర్ సెట్టు, ఫీలర్ గేజ్, మల్టీమీటర్ కొనివ్వండి. ఐటీఐలో చేరిన మొదటి రోజు నుంచీ వాడికి పనికొస్తాయి.