టమాట మొక్క - రకాలు, పెంపకం, పిలకలు తుంచే పద్ధతి



మన వంటగదిలో టమాట లేని రోజు దాదాపు ఉండదు. పప్పులో టమాట, చారులో టమాట, కోడిగుడ్డు కూరలోనూ టమాటే. కోస్తాలో కొందరు పెద్దవాళ్లు దీన్ని రామములక్కాయ అని కూడా అంటారు. 2023 జులైలో కిలో ధర 150 రూపాయలు దాటినప్పుడు ఎన్నో పేద ఇళ్లలో టమాట కొనడమే మానుకున్నారు. అదే ఏడాది సెప్టెంబరుకు ధర పూర్తిగా పడిపోయి, కోత కూలి కూడా రాక కర్నూలు జిల్లాలో రైతులు కాయలను రోడ్డు పక్కన పారబోశారు. కొనేవాడికీ కష్టమే, పండించేవాడికీ కష్టమే!

మనలో చాలామంది తల్లిదండ్రులు పరాయి చేలల్లో నారు నాటడానికి, కర్రలు కట్టడానికి, కాయలు కోయడానికి కూలికి వెళతారు. ఆ పని వారి చేతులకు తెలుసు. ఆ పని వెనుక ఉన్న శాస్త్రం మన జీవశాస్త్రం పుస్తకంలో ఉంది. ఈ రెండింటినీ కలిపి నేర్చుకుంటే సెంటు భూమి లేని ఇంట్లో కూడా నాలుగు బకెట్లలో టమాట పండించవచ్చు.

టమాట ఎక్కడిది?

టమాట పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం. దాన్ని పంటగా పెంచి పెద్ద చేసినవారు మెక్సికో ప్రాంతపు మూలవాసులు. యూరప్ వారి ఓడల ద్వారా అది మన దేశానికి చేరింది. వంకాయ, మిరప, బంగాళాదుంప, పొగాకు దీని బంధువులే. అందుకే వంకాయ, మిరప పెంచిన మట్టిలో వెంటనే టమాట నాటకూడదు. ఒకదాని తెగుళ్లు మరొకదానికి వస్తాయి.

రెండు ముఖ్యమైన రకాలు

కాయ రంగును బట్టి, సైజును బట్టి ఎన్నో రకాలు ఉన్నా, పెంచేవారు ముందుగా గమనించవలసింది మొక్క పెరిగే తీరును.

1. పొట్టి రకాలు: ఇవి రెండు మూడు అడుగులు పెరిగి ఆగిపోతాయి. కాండం చివర పూలగుత్తి వస్తుంది, ఇక ఆ కొమ్మ పొడవు పెరగదు. కాయలన్నీ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. తమిళనాడులోని పెరియకుళంలో తయారైన పీకేఎం-1 ఈ రకమే.

2. పొడుగు రకాలు: ఇవి తీగలాగా పెరుగుతూనే ఉంటాయి. ఆరడుగులు దాటినా ఆశ్చర్యం లేదు. ఒక పక్క కాయలు పండుతుంటే మరో పక్క పూత వస్తుంది. ఢిల్లీ పరిశోధన సంస్థ తయారు చేసిన పూసా రూబీ, గుత్తులుగా కాసే చాలా చెర్రీ టమాటలు ఈ కోవకు చెందుతాయి.

ఈ రెండింటికీ మధ్యస్థంగా పెరిగేవి కూడా ఉన్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్ అలాంటి హైబ్రిడ్. ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండుతెగులు, ఆకుమాడు తెగులు - ఈ మూడింటినీ అది తట్టుకుంటుంది.

పేరు తెలియని మొక్కను గుర్తించడం ఎలా? పూలగుత్తుల మధ్య ఆకులను లెక్కపెట్టండి. ఒక గుత్తికీ పై గుత్తికీ మధ్య మూడేసి ఆకులు వరుసగా వస్తుంటే అది పొడుగు రకం. ఒకటి రెండు ఆకులకే గుత్తి వచ్చి, చివరకు కాండం కూడా గుత్తితో ముగిస్తే అది పొట్టి రకం.

నారు, మట్టి, నీరు

మన ప్రాంతంలో ఇంటి పెంపకానికి శీతాకాలం అనుకూలం. అక్టోబరు మొదట్లో విత్తనం వేస్తే వారం లోపు మొలుస్తుంది. సుమారు 25 రోజులకు నారు నాటడానికి వస్తుంది. నాటిన 60 నుంచి 70 రోజులకు, అంటే సంక్రాంతి నాటికి, మొదటి పండ్లు అందుతాయి.

పొడుగు రకానికి 15 నుంచి 20 లీటర్లు పట్టే బకెట్ కావాలి. పొట్టి రకానికి 10 లీటర్లది చాలు. అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టాలి. రెండు వంతుల ఎర్రమట్టి, ఒక వంతు బాగా చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. నారును కింది ఆకుల వరకు లోతుగా నాటాలి. మట్టిలో ఉన్న కాండం నుంచి కూడా వేళ్లు పుడతాయి, మొక్క బలంగా నిలబడుతుంది. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలాలి. నీరు మొదట్లో పోయాలి, ఆకుల మీద చల్లకూడదు. బియ్యం కడిగిన నీళ్లు వృథా చేయకుండా పోయవచ్చు.

పిలక అంటే ఏమిటి?

ఆకు కాండానికి అతికిన మూలను గ్రీవం అంటామని చదువుకున్నాం. అక్కడ ఒక మొగ్గ ఉంటుంది. కాండం కొనలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ ఈ పక్క మొగ్గలను అదుపులో ఉంచుతుంది. దీన్నే అగ్రాధిక్యత అంటారు. కొన ఎత్తుకు వెళ్లే కొద్దీ కింది మొగ్గలపై పట్టు సడలి అవి పక్కకొమ్మలుగా సాగుతాయి. ఇవే పిలకలు.

పొడుగు రకంలో ప్రతి పిలకా మరో మొక్కంత అవుతుంది. అప్పుడు ఆకులు తయారు చేసిన ఆహారం కొత్త కొమ్మలకే ఎక్కువగా పోతుంది. లోపలికి గాలి, వెలుతురు అందక తెగుళ్లు చేరతాయి. పిలకలు తుంచితే కాయల సంఖ్య కొంత తగ్గినా, కాయ పెద్దదవుతుంది, త్వరగా పండుతుంది.

తుంచే పద్ధతి

1. వారానికి ఒకసారి, మంచు ఆరిన తరువాత ఉదయం పూట చూడాలి. తడిగా ఉన్నప్పుడు గాయం చేస్తే తెగులు సోకుతుంది.

2. పిలక రెండంగుళాలు ఉండగానే వేళ్లతో పక్కకు వంచి విరవాలి. ముదిరితే కత్తెర వాడాలి.

3. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పొగాకు ముట్టినవారు కడుక్కోకుండా మొక్కను తాకకూడదు. పొగాకులోని మొజాయిక్ వైరస్ టమాటకు అంటుకుంటుంది.

4. ఒక ప్రధాన కాండం, దానితోపాటు మొదటి పూలగుత్తికి సరిగ్గా కింద వచ్చే బలమైన పిలక - ఈ రెండింటిని ఉంచి మిగతావి తీసేయవచ్చు. మొక్క పక్కన ఐదడుగుల వెదురు కర్ర పాతి, పాత గుడ్డపీలికతో ఎనిమిది ఆకారంలో వదులుగా కట్టాలి.

5. నేలకు తగిలే ఆకులను, పసుపు బారిన ఆకులను తీసేయాలి.

6. ఎండ ఎక్కువగా ఉంటే పిలకను మొదలంటా తీయవద్దు. రెండు ఆకులు ఉంచి కొనను మాత్రమే గిల్లాలి. ఆ ఆకులు కాయలకు నీడనిస్తాయి.

తుంచిన పిలకను పారేయవద్దు. నాలుగైదు అంగుళాల పిలకను గ్లాసు నీళ్లలో నీడన ఉంచితే వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి. పైసా ఖర్చు లేకుండా కొత్త మొక్క!

ఎప్పుడు తుంచకూడదు?

పొట్టి రకానికి ఈ పద్ధతి పనికిరాదు. దాని కాపంతా పక్కకొమ్మల మీదే ఉంటుంది. ప్రధాన కాండం ఎలాగూ ఆగిపోతుంది కాబట్టి, పిలకలు కూడా తీసేస్తే కాయలు కాసే చోటే ఉండదు. మొదటి పూలగుత్తికి కింద ఉన్న చిన్న పిలకలు, నేలకు తగిలే ఆకులు మాత్రం తీయాలి. ఏ రకమైనా ఆకులన్నీ దూసేస్తే పచ్చికాయల మీద నేరుగా ఎండపడి తెల్లని మచ్చలు వస్తాయి. కిరణజన్య సంయోగక్రియ జరిగేది ఆకుల్లోనే అని మరువకూడదు.

కొన్ని సమస్యలు - కారణాలు

- కాయ అడుగు నల్లబడటం: కాయకు కాల్షియం అందలేదు. ఒకరోజు ఎండగట్టి మరోరోజు ముంచెత్తడమే దీనికి ముఖ్య కారణం.
- కాయ పగలడం: ఎండిన మట్టికి ఒక్కసారిగా ఎక్కువ నీరు పోయడం.
- ఆకులు ముడుచుకోవడం: తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. మొక్కను వెంటనే పీకేయాలి. దోమ రాకుండా పసుపు అట్టకు ఆముదం రాసి వేలాడదీయాలి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం చల్లాలి.
- వేసవిలో పూత రాలడం: పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని పిందె పడదు. ఇందులో మన తప్పేమీ లేదు.

విత్తనం దాచుకుందాం

పూసా రూబీ, పీకేఎం-1 వంటి సూటి రకాల నుంచి విత్తనం తీసుకోవచ్చు. బాగా పండిన కాయ గుజ్జును రెండు రోజులు గ్లాసులో పులియబెట్టి, కడిగి, నీడన ఆరబెట్టాలి. హైబ్రిడ్ విత్తనం దాచితే మరుసటి తరంలో మొక్కలు రకరకాలుగా వస్తాయి. మెండెల్ బఠానీ మొక్కల్లో చూసింది ఇదే!

మిత్రులారా! కూలికి వెళ్లే అమ్మకు ఏ కొమ్మ తుంచాలో తెలుసు. ఎందుకు తుంచాలో మనకు తెలిసింది. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఇద్దరూ కలిసి ఒక మొక్క నాటండి. ఆమెను అడిగి తెలుసుకోండి, మీరు చదివింది ఆమెకు చెప్పండి. చదువు పొలానికి, పొలం చదువుకు దగ్గరైన రోజున కూలి చేసిన చేతులకు గౌరవం పెరుగుతుంది.